పర్లాకిమిడి నుంచి రాత్రి బస్సు, ఒక పగలు భువనేశ్వర్, పూరీ గుళ్ళు, మళ్ళీ రాత్రి బస్సు: నా అనుభవం

వంశధార గట్టు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఆంధ్రకి ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు. సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక్కడినే బ్యాగు తగిలించుకుని భువనేశ్వర్, పూరీ వెళ్ళొచ్చాను. హోటల్ తీసుకోలేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారమంతా గుళ్ళు తిరిగి అదే రాత్రి తిరుగు బస్సెక్కాను. మన వైపు కుర్రాళ్ళు చాలామంది ఇలాగే వెళ్దామనుకుంటారు కదా, నాకు ఎదురైనవి రాస్తే పనికొస్తాయని రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

బస్సు రాత్రి ఎనిమిదిన్నరకి బయల్దేరింది. పాతపట్నం, టెక్కలి మీదుగా హైవే ఎక్కి, ఇచ్ఛాపురం, బరంపురం దాటుకుంటూ వెళ్ళింది. బ్యాగు పైన పట్టక కండక్టర్ డిక్కీలో పెట్టించాడు. అదే నేను చేసిన పెద్ద తప్పు. దారిలో ఎక్కడో చేపల బుట్టలు ఎక్కించారు, ఐసు కరిగి ఆ నీళ్ళన్నీ బ్యాగులోకి దిగాయి. గుళ్ళోకి కట్టుకుందామని మా అమ్మ ఇస్త్రీ చేసి మడత పెట్టిన పంచె, ఉత్తరీయం నీచు నీళ్ళలో నానిపోయాయి. అది చాలదన్నట్టు బారాముండా బస్టాండు దాకా తీసుకెళ్ళకుండా, తెల్లవారుజామున మూడూ నలభైకి హైవే పక్కన ఫ్లైఓవర్ కింద దింపేశారు. బస్టాండుకి టికెట్ తీసుకున్నానని చెప్పినా వినలేదు. చలి, చీకటి, కుక్కలు. నిజంగా టెన్షన్ పడ్డాను. నాతో పాటు దిగిన ఒక కుటుంబం ఆటో మాట్లాడుకుంటుంటే వాళ్ళతో కలిసి బస్టాండుకి చేరాను.

బస్టాండులో డబ్బులు తీసుకునే స్నానాల గదులున్నాయి. అక్కడే స్నానం చేసి, పంచె మూడుసార్లు జాడించి, తడిదే కట్టుకున్నా. నీచు వాసన పోయిందా లేదా అని ప్రతి అయిదు నిమిషాలకీ చూసుకుంటూనే ఉన్నా. దేవుడి దగ్గరికి అలా వెళ్ళాల్సి వచ్చిందని ఎంత బాధపడ్డానో మాటల్లో చెప్పలేను.

ఆరున్నరకి లింగరాజ గుడి. ఫోన్ లోపలికి పట్టుకెళ్ళనివ్వరు, బయట కొట్లో పెట్టి చీటీ తీసుకున్నా. 11వ శతాబ్దపు గుడి, శిఖరం 180 అడుగుల దాకా ఉంటుంది. పొద్దున పూట జనం తక్కువ. ఇక్కడ స్వామిని హరిహరుడిగా కొలుస్తారు కాబట్టి మారేడు దళంతో పాటు తులసి కూడా వేస్తారు. మన ఊళ్ళో శివుడికి తులసి వేయడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రెండు ఆకులూ ఒకే బుట్టలో పక్కపక్కన చూస్తే ఏదో తెలియని సంతోషం కలిగింది.

అక్కడి నుంచి నడుచుకుంటూ ముక్తేశ్వర్, పరశురామేశ్వర్ వెళ్ళా. రెండూ పక్కపక్కనే. ముక్తేశ్వర్ తోరణం ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. రాజారాణి గుడికి టికెట్ తీసుకుని, పది నిమిషాల్లో గబగబా ఒక చుట్టు తిరిగి బయటపడ్డా, ఎందుకంటే పదకొండుకి పూరీ బస్సు అందుకోవాలి. పూరీలో క్యూ రెండు గంటల పైనే పట్టింది. దర్శనమయ్యాక గుడి లోపలి ఆనంద బజారులో అబఢా, అంటే జగన్నాథుడి ప్రసాద భోజనం తిని, సాయంత్రం గుడి శిఖరం మీద జెండా మార్చడం చూసి, పరుగున భువనేశ్వర్ వచ్చి తొమ్మిదింటి బస్సు పట్టుకున్నా.

ఇంటికొచ్చాక మా అమ్మ "ఏం చూశావురా?" అనడిగింది. అయిదు గుళ్ళ పేర్లు చెప్పాను. "ఏ గుళ్ళో ఏముంది?" అంటే లింగరాజు దగ్గర తులసి, పూరీ జెండా తప్ప నోట్లోంచి మాట రాలేదు. అది మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. ఈసారి అమ్మను తీసుకుని వెళ్దామనుకుంటున్నా. ఒక్క పగలే ఉంటే ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం కోడలు:
తమ్ముడూ, ముందు బస్సు సంగతి చెప్తాను. నేను పదేళ్ళుగా నెలకోసారైనా ఈ రూటులో రాత్రి పూట తిరుగుతున్నా. బ్యాగు డిక్కీలో పెట్టాల్సి వస్తే బట్టలన్నీ ముందే పెద్ద పాలిథిన్ కవరులో వేసి ముడి కట్టేయాలి. గుడికి కట్టుకునే జత మాత్రం చిన్న సంచిలో ఒళ్ళోనే ఉండాలి. కొత్త ఊళ్ళో తెల్లారకుండా దిగే బస్సు ఎక్కకూడదు. రెండున్నర, మూడు గంటలు ఆలస్యంగా బయల్దేరే బస్సు చూసుకుంటే, వెలుతురు వచ్చాక దిగుతావు. అమ్మగారిని తీసుకెళ్తున్నావు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఇంకోటి, వెనక చక్రాల మీద వచ్చే సీటు తీసుకోకు. పెద్దవాళ్ళకి నడుం పట్టేస్తుంది. స్లీపర్ అయితే కింది బెర్తే అడుగు, పై బెర్తు ఎక్కడానికి ఉండే ఆ సన్నటి ఇనప మెట్టు మీద చీర కట్టుకున్నవాళ్ళు కాలు పెట్టలేరు. ఢాబా దగ్గర బస్సు ఆగినప్పుడు దిగే ముందు బస్సు నంబరు ఫొటో తీసి పెట్టుకో, అక్కడ ఒకే రంగు బస్సులు నాలుగు ఆగి ఉంటాయి. మా అత్తగారు ఒకసారి వేరే బస్సెక్కి కూర్చున్నారు, అది కదిలాక గానీ తెలియలేదు, ఆ రాత్రి మేము పడ్డ కంగారు ఇప్పటికీ మర్చిపోలేను.

గుణుపూర్ కుర్రాడు:
బస్సే ఎందుకన్నా? పూరీ, గుణుపూర్ మధ్య రైలు పర్లాకిమిడి మీదుగానే పోతుంది కదా. అమ్మగారికి రైలైతే కాళ్ళు చాపుకోవచ్చు, బాత్రూమ్ బాధ ఉండదు.

వంశధార గట్టు:
నిజమే తమ్ముడూ, రైలు కూడా చూస్తా. రాత్రి బస్సు అయితే పగలు మొత్తం చేతికి వస్తుందని అలవాటైపోయింది.

రాయగడ అమ్మాయి:
నాదొక సందేహం. మా కాలేజీ నుంచి నలుగురు అమ్మాయిలం వెళ్దామనుకుంటున్నాం. మాలో ఒకమ్మాయి క్రిస్టియన్. తనకి శిల్పాలంటే ప్రాణం, బొమ్మలు చాలా బాగా గీస్తుంది. తనని లోపలికి రానిస్తారా? గుమ్మం దాకా వెళ్ళాక ఆపితే తను ఏమీ అనదు, కానీ లోపల బాధపడుతుంది.

పాత మాస్టారు:
మంచి ప్రశ్న అమ్మా. పూరీ జగన్నాథుడి గుళ్ళోకీ, లింగరాజ గుళ్ళోకీ హిందువులు కానివాళ్ళను రానివ్వరు. లింగరాజ గుడికి ప్రహరీ బయట ఒక ఎత్తు అరుగు ఉంది, దాని మీద నిలబడితే లోపలి శిఖరాలన్నీ కనబడతాయి. ముక్తేశ్వర్, పరశురామేశ్వర్, రాజారాణి, కోణార్క్‌లకు ఏ అడ్డూ లేదు, ఎవరైనా వెళ్ళవచ్చు. బొమ్మలు గీసే పిల్లకైతే దగ్గరగా చూడాల్సిన శిల్పమంతా ఈ నాలుగింటిలోనే ఉంది. కాబట్టి మీ నలుగురూ కలిసి ఈ గుళ్ళే పెట్టుకోండి. ఆ అమ్మాయికి ముందే చెప్పండి, అక్కడికి వెళ్ళాక తెలియనివ్వకండి. హీరాపూర్ చౌసఠి (అరవై నాలుగు) యోగినీ గుడి కూడా చూపించండి. భువనేశ్వర్ దగ్గరే, గుండ్రటి చిన్న గుడి, పైన కప్పు ఉండదు, లోపలి గోడ చుట్టూ నల్లరాతి యోగినులు ఉంటారు. ఒక్కొక్కరి తలకట్టు ఒక్కో తీరు. మీ స్నేహితురాలు అక్కడి నుంచి లేవదు.

రాయగడ అమ్మాయి:
చాలా థాంక్స్ మాస్టారూ. ఇప్పుడే తనకి చదివి వినిపించా. హీరాపూర్ తప్పకుండా వెళ్తామంది.

పాత మాస్టారు:
ఇక బాబూ వంశధారా, నీ ప్రశ్నకి. అమ్మగారికి ఏం చెప్పాలో తెలియలేదన్నావు. పరశురామేశ్వర్ గర్భగుడి ద్వారం పైన ఉన్న రాతి పట్టీ చూశావా? వరసగా చిన్న చిన్న బొమ్మలు కూర్చుని ఉంటాయి. అవి గ్రహాలు. ఎన్నున్నాయో లెక్కపెట్టావా?

వంశధార గట్టు:
లేదు మాస్టారూ. తల పైకెత్తి చూసినట్టు కూడా గుర్తులేదు. నవగ్రహాలు కాబట్టి తొమ్మిదే కదా?

పాత మాస్టారు:
ఎనిమిది. కేతువు లేడు. అది 7వ శతాబ్దపు గుడి, అప్పటి ఒడియా గుళ్ళ ద్వారాల మీద ఎనిమిది గ్రహాలనే చెక్కేవారు. అక్కడి నుంచి రెండు నిమిషాలు నడిస్తే వచ్చే ముక్తేశ్వర్ 10వ శతాబ్దంది, దాని ద్వారం మీద చూడు, కేతువు కూడా వచ్చి కూర్చున్నాడు, తొమ్మిది. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్ళు గడిచాయి. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి నువ్వు రెండు నిమిషాల్లో నడిచి వెళ్ళావు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ముందు ఇదే పని పెట్టేవాణ్ణి, వేళ్ళు మడిచి లెక్కపెట్టండిరా అని. అలా ఒకసారి లెక్కపెట్టిన పిల్లవాడు గుడిని మర్చిపోడు. పరశురామేశ్వర్ మంటపం గోడకి రాతి జాలీ కిటికీ ఉంటుంది, దాని దగ్గర కూడా కూర్చోవాలి. ఆ కిటికీలో నాట్యం చేసేవాళ్ళు, వాద్యాలు వాయించేవాళ్ళు ఉంటారు, ఒకడు వేణువు పట్టుకుని, ఒకడు తాళాలు పట్టుకుని. వాళ్ళ ఒంటి వంపుల మధ్య ఖాళీల్లోంచే వెలుతురు లోపలికి పడుతుంది. మసక మంటపంలో నిలబడి చూస్తే ఆ బొమ్మలన్నీ నల్లగా, చుట్టూ తెల్లగా ఎండ కనిపిస్తుంది. ఆ గుడి పది గంటల లోపు చూడాలని నేను అందరికీ చెప్తుంటాను.

అమ్మగారితో వెళ్తే పొద్దున లింగరాజు దర్శనం, ఆ తర్వాత ఈ రెండు గుళ్ళూ, అంతే. పూరీ ఇంకో ప్రయాణానికి ఉంచు.

జయపూర్ ఘాట్‌రోడ్డు:
మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఈ మాట నేను ఒప్పుకోను. ఇంకో ప్రయాణానికి ఉంచమనడం మీకు తేలిక. మాది జయపూర్ అవతల. మా నాన్నకి భువనేశ్వర్ అంటే రాత్రంతా ఘాట్‌రోడ్డు, రెండు రోజుల కూలి పోవడం, చేతిలో ఉన్నదంతా ఖర్చు. ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి పూరీ చూశారు. ఆ రోజు తిరగగలిగినన్ని గుళ్ళు తిరిగారు, ఏ గుళ్ళో ఎన్ని బొమ్మలున్నాయో ఆయనకి తెలియదు. కానీ పోయేదాకా "నేను జగన్నాథుణ్ణి చూశాను" అని ఎంత ధీమాగా చెప్పేవారో. అమ్మను భువనేశ్వర్ దాకా తీసుకెళ్ళి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న పూరీ చూపించకుండా తీసుకొస్తారా? మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో ఎవరికి తెలుసు.

బరంపురం కోడలు:
అన్నయ్య చెప్పింది కూడా నిజమే. మా అమ్మమ్మ కూడా పూరీ పూరీ అంటూనే పోయింది.

పాత మాస్టారు:
ఘాట్‌రోడ్డు బాబూ, నువ్వు చెప్పింది విన్నాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారి దర్శనం ముందు నా లెక్కలు ఏపాటివి. అమ్మగారికి పూరీయే ముందు. అప్పుడు భువనేశ్వర్‌లో దిగకుండా నేరుగా పూరీ వెళ్ళి, పగలంతా అక్కడే ఉండి రావాలి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం పెద్దావిడ అలసిపోతుంది, క్యూలోనే ప్రాణం ఉసూరుమంటుంది.

జయపూర్ ఘాట్‌రోడ్డు:
అది సరైన మాట మాస్టారూ. దానికి ఒప్పుకుంటా.

నీలచక్రం:
పూరీకే వెళ్తే నా అనుభవం కొంచెం చెప్తా, మా పెద్దమ్మ ఇల్లు అక్కడే. 2024 జూన్ నుంచి నాలుగు ద్వారాలూ తెరిచారు, అంతకుముందు కొన్నేళ్ళు సింహద్వారం ఒక్కటే ఉండేది. అదే ఏడాది జనవరి 1 నుంచి బట్టల నియమం కూడా పెట్టారు. నిక్కర్లు, చిరుగుల జీన్సు, చేతుల్లేని చొక్కాలు వేసుకొస్తే లోపలికి పంపరు. బ్యాక్‌ప్యాక్ కుర్రాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, చాలామంది ప్రయాణం బట్టల్లోనే వచ్చేస్తారు. ఫోను, తోలు బెల్టు, తోలు పర్సు ఏవీ వద్దు. డబ్బులు గుడ్డ సంచిలో పెట్టుకోండి.

లోపల ఎవరైనా పండా (గుడి పూజారి) వెంటపడి సంకల్పం చెప్పించి వేలల్లో అడిగితే కంగారుపడకండి. మా బాబాయిని ఒకాయన అలాగే నిలబెట్టేశాడు, పళ్ళెంలో ఉన్న డబ్బు చూపించి అందరూ ఇంతింత వేశారు, మీరెందుకు వేయరు అని. చేతులు జోడించి, మేము ఇవ్వగలిగింది ఇంతే అని మెల్లగా చెప్పి ముందుకు నడవండి. మీరు గొడవపడితే పక్కనున్న పెద్దవాళ్ళ మనసు పాడవుతుంది, దర్శనం మీద ధ్యాస పోతుంది.

అబఢా సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టి కట్టెల పొయ్యి మీద వండుతారు. అన్నం, పప్పు, కూరలు అన్నీ అలాగే. ఉల్లిపాయ, బంగాళాదుంప, టమాటా పడవు. ఆనంద బజారులో నేల మీద కూర్చుని అరిటాకులో తింటాం, పక్కన ఎవరు కూర్చున్నా కులం అడగరు, ఒకరి కుండలోంచి ఇంకొకరు తీసుకున్నా ఎంగిలి అనుకోరు. మధ్యాహ్నం భోగం అయ్యాక వెళ్తే వేడిగా దొరుకుతుంది. అమ్మగారిని అక్కడ తప్పకుండా కూర్చోబెట్టండి.

వంశధార గట్టు:
నీలచక్రం గారూ, మీ పోస్టు చదువుతుంటే ఆ పప్పు వాసన మళ్ళీ వచ్చింది. జెండా సంగతి నేను సరిగ్గా రాయలేదు, ఇప్పుడు రాస్తా. పెద్ద వీధిలో నిలబడి చూశా. 214 అడుగుల శిఖరం, దాని మీదికి సేవకుడు తాడు లేకుండా ఎక్కుతున్నాడు, నడుముకి చుట్టుకున్న జెండాల మూట మాత్రమే ఉంది. కింద వేలమంది ఉన్నారు, అయినా ఆయన పైకి చేరేదాకా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నా పక్కన వేరుశెనగలు అమ్మే ముసలాయన రోజూ చూసేవాడే కదా, ఆయన కూడా పొట్లం కట్టడం ఆపేసి చేతులు జోడించి నిలబడ్డాడు. పాత జెండా దిగి కొత్తది గాలికి విచ్చుకోగానే ఒక్కసారిగా జయజయధ్వానాలు. నాకు కళ్ళు చెమర్చాయి.

సరే, అమ్మకి పూరీ ఖాయం చేశా. కానీ మాస్టారు చెప్పిన గ్రహాల లెక్క నన్ను వదలడం లేదు. నేను చూసి కూడా చూడకుండా వచ్చేశా కదా.

పాత మాస్టారు:
దానికి భువనేశ్వర్ దాకా మళ్ళీ ఎందుకు బాబూ? నీ పేరే వంశధార గట్టు. ఆ నది ఒడ్డున శ్రీముఖలింగం ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళావా?

వంశధార గట్టు:
చిన్నప్పుడు శివరాత్రికి చక్రతీర్థ స్నానానికి అక్కడికి వెళ్ళాం మాస్టారూ. జనంలో నాన్న భుజాల మీద కూర్చున్నట్టు గుర్తు. గుడి గుర్తులేదు.

పాత మాస్టారు:
పూరీ గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడికి 1078లో పట్టాభిషేకం జరిగింది. ఆయన పూర్వీకుల రాజధాని కళింగనగరం అంటే ఈ ముఖలింగమే. తర్వాత ఆయన రాజధానిని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కి మార్చాడు. అంటే నువ్వు పూరీలో తలెత్తి చూసిన ఆ శిఖరానికి మన వంశధార ఒడ్డుతో సంబంధం ఉంది. ఆ కళింగనగరం ముఖలింగమేనని శాసనాలు చదివి చెప్పింది ఎవరనుకున్నావు? మన పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో ఆ ముఖలింగం పక్కన పర్వతాలపేటలోనే పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, సవర భాషకి చేసిన సేవ కొందరికి తెలుసు, ఈ శాసనాల పని మాత్రం మన ఊళ్ళోనే చాలామందికి తెలియదు. ఆ మాట తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత పడింది, మనం ఇటు ఒడిశాలో ఉండిపోయాం, ముఖలింగం గుడి అటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. కానీ మధ్యలో ఉన్నది ఎంత దూరం? పాతపట్నం మీదుగా వెళ్తే గంటా గంటన్నర.

అక్కడ మూడు గుళ్ళు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. ఇప్పచెట్టు మొదట్లో శివుడి ముఖం కనబడిందని స్థలపురాణం, మధుకం అంటే ఇప్పే. శిఖరం చూస్తే భువనేశ్వర్ గుళ్ళ తోబుట్టువులా ఉంటుంది. నిన్నటి నీ ప్రయాణం కళ్ళలో ఉండగానే వెళ్ళు, పోలికలు నీకే కనిపిస్తాయి.

గుణుపూర్ కుర్రాడు:
మాస్టారూ, నేను పాతపట్నంలో చదువుకున్నా. మూడేళ్ళు ఉండి ఒక్కసారి కూడా ముఖలింగం వెళ్ళలేదు. ఇప్పుడు చదువుతుంటే బాధగా ఉంది. ఎవరైనా వెళ్తే నేనూ వస్తా.

రాయగడ అమ్మాయి:
ఫొటోలు పెట్టండి అన్నా, మా స్నేహితురాలు గీస్తానంటోంది.

వంశధార గట్టు:
ఆదివారం వెళ్తున్నా. అమ్మ కూడా వస్తానంది, పులిహోర చేస్తుందట. గుణుపూర్ తమ్ముడూ, పొద్దున ఆరున్నరకి పర్లాకిమిడి బస్టాండులో ఉండు, అక్కడి నుంచి పాతపట్నం ఆటోలో పోదాం. మాస్టారూ, మధుకేశ్వరుడి ద్వారం మీద గ్రహాలు ఎన్నున్నాయో మీరు మాత్రం ముందే చెప్పకండి.

పాత మాస్టారు:
చెప్పను. టార్చిలైటు పట్టుకెళ్ళండి, లోపల చీకటి. అమ్మగారి చేతికి ఇవ్వు, ఆవిడనే లెక్కపెట్టమను.